ఆసిలోస్కోప్ కొనేముందు: మెగాహెర్ట్జ్ కంటే ముందు చూడాల్సినవి

మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ కొనేశాక ఎలక్ట్రానిక్స్ అభిమానుల చూపు వోల్టేజీ క్షణక్షణానికి ఎలా మారుతోందో తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ మీద పడుతుంది. అక్కడే చాలామంది ఆగిపోతారు. రెండు మూడు వేలకు దొరికే కిట్ నుంచి లక్షలు పలికే యంత్రం దాకా అన్నిటి పేరూ ఒకటే. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది మాత్రం 50 మెగాహెర్ట్జ్, 100 మెగాహెర్ట్జ్, 200 మెగాహెర్ట్జ్ అనే అంకె. అది ఎంత పెద్దదైతే స్కోపు అంత గొప్పదన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. ఇంట్లో ప్రాజెక్టులు చేసుకునేవాళ్ల విషయంలో, పాడైన బోర్డులు బాగుచేసేవాళ్ల విషయంలో ఇది సరైన లెక్క కాదని నా గట్టి అభిప్రాయం. వాళ్లకు లోపాన్ని పట్టిచ్చేవి చాలావరకు ట్రిగ్గర్ (ఎప్పుడు గీయాలో స్కోపుకు చెప్పేది), మెమరీ, ప్రోబు (సర్క్యూట్‌కు ఆనించే కొన, దాని కేబుల్). ఆ మెగాహెర్ట్జ్ అంకె, అంటే బ్యాండ్‌విడ్త్, వాటి తర్వాత వస్తుంది.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకు స్కోపు అంటే ల్యాబ్‌లోని సీఆర్‌ఓనే (పాతకాలపు పిక్చర్ ట్యూబు స్కోపు) గుర్తొస్తుంది. ఫంక్షన్ జనరేటర్ నుంచి సైన్ వేవ్ ఇవ్వడం, తెర మీద గళ్లు లెక్కపెట్టడం, రికార్డులో గీసి సంతకం పెట్టించుకోవడం, అంతటితో దానితో పని అయిపోయేది. అక్కడ సిగ్నల్ ఎప్పుడూ ఒకేలా, ఆగకుండా వస్తూనే ఉంటుంది. రిపేరులో ఎదురయ్యే లోపం అలా ఉండదు. గంటకోసారి వచ్చి మైక్రోసెకన్లలో మాయమవుతుంది. స్కోపును ఎంచుకునేటప్పుడు ఈ తేడానే ముందు గుర్తుపెట్టుకోవాలి.

ఉన్నట్టుండి రీసెట్ అయ్యే బోర్డు

ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. పొలంలో మోటారు ఆన్ ఆఫ్ చేయడానికి వైఫై ఉన్న ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుతో ఒక చిన్న పరికరం చేశారు. రోజంతా బాగానే పనిచేస్తుంది, మధ్యలో ఎప్పుడో దానంతట అదే రీసెట్ అవుతుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 3.3 వోల్టులు నిలకడగా ఉంటాయి. సప్లై బాగుంది కాబట్టి తప్పు ప్రోగ్రాంలోనే ఉందని కోడ్ మీద పడతారు.

అక్కడ జరుగుతున్నది వేరు. వైఫై సిగ్నల్ పంపే క్షణాల్లో ఆ చిప్ వందల మిల్లీఆంపియర్లు ఒక్కసారిగా లాగుతుంది. దీనికి ఇచ్చే సప్లై కనీసం 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగలగాలని తయారీదారే చెబుతాడు. యూఎస్‌బీ వైరు సన్నగా ఉన్నా, రెగ్యులేటర్ బలహీనమైనదైనా ఆ లాగుడుకు వోల్టేజీ కాసేపు కుంగుతుంది. పరిమితి కంటే కిందికి దిగితే చిప్‌లోని బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ రీసెట్ చేసేస్తుంది. సెకనుకు రెండు మూడు సార్లు మాత్రమే అంకె మార్చే మల్టీమీటర్‌కు ఇదంతా కనిపించే అవకాశమే లేదు.

ఇప్పుడు స్కోపు ప్రోబును మాడ్యూల్ పక్కనే 3.3 వోల్టుల పిన్ను మీద పెట్టండి. గడికి 500 మిల్లీవోల్టులు ఉంచండి. ట్రిగ్గర్‌ను కిందికి దిగే అంచుకు, 3.0 వోల్టుల మట్టానికి సెట్ చేసి సింగిల్ బటన్ నొక్కి వదిలేయండి. స్కోపు ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అరగంట తర్వాతైనా సరే, వోల్టేజీ ఆ గీత దాటిన మరుక్షణం దానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో కలిపి తెర మీద నిలబెట్టేస్తుంది. రెండో ఛానల్‌ను 5 వోల్టుల ఇన్‌పుట్ మీద పెడితే కారణం కూడా తేలిపోతుంది. అక్కడా కుంగితే అడాప్టర్ గానీ వైరు గానీ మార్చాలి. అక్కడ నిలకడగా ఉండి 3.3 మాత్రమే కుంగితే రెగ్యులేటర్‌నో, దాని పక్కన ఉండాల్సిన కెపాసిటర్‌నో చూడాలి.

ఈ పని మొత్తానికి 1 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ ఉన్నా సరిపోతుంది. కావలసిందల్లా నమ్మకంగా పనిచేసే ట్రిగ్గర్. స్కోపు చరిత్రలోనూ అసలైన మలుపు ఇదే. 1946లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైన టెక్ట్రానిక్స్ సంస్థ మరుసటి ఏడాది తెచ్చిన 511 మోడల్ బ్యాండ్‌విడ్త్ 10 మెగాహెర్ట్జ్ మాత్రమే. అయినా దానికి అంత పేరు రావడానికి కారణం ట్రిగ్గర్డ్ స్వీప్, అంటే సిగ్నల్ ఫలానా మట్టం దాటినప్పుడే గీత మొదలవడం. అంతకుముందు గీతను సిగ్నల్‌కు తగ్గట్టు చేత్తో సవరించుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది.

అందుకే కొనబోయే స్కోపులో ఆటో, నార్మల్, సింగిల్ మూడూ ఉన్నాయా అని చూడాలి. ఆటోలో ట్రిగ్గర్ దొరక్కపోయినా తెర మీద ఏదో ఒకటి గీస్తూనే ఉంటుంది. నార్మల్‌లో షరతు నెరవేరితేనే గీస్తుంది. లోపాలు పట్టడానికి ఎక్కువగా వాడేది నార్మల్, సింగిల్. దీంతోపాటు పల్స్ వెడల్పును బట్టి ట్రిగ్గర్ చేసే సౌకర్యం ఉంటే మరీ మంచిది. 'వంద నానోసెకన్ల కంటే సన్నగా ఏదైనా వస్తేనే చూపించు' అని అడగగలిగితే, లక్షల మంచి పల్సుల మధ్య దాక్కున్న ఒక్క చెడ్డ పల్సు కూడా దొరుకుతుంది.

మెమరీ తక్కువైతే తెర అబద్ధం చెబుతుంది

స్పెసిఫికేషన్ల పట్టికలో చాలామంది చూడకుండా దాటేసే వరుస మెమరీ డెప్త్. ఒక్కసారికి స్కోపు ఎన్ని బిందువులు నిల్వ చేసుకోగలదో అది చెబుతుంది. సెకనుకు 1 గిగా శాంపిల్ అని డబ్బా మీద రాసి ఉంటే, ఆ వేగం అన్ని సెట్టింగుల్లోనూ ఉంటుందనుకుంటాం. ఉండదు. తెర మీద ఎంత సమయం చూపించాలో ఆ సమయానికి మెమరీని పంచాలి. మెమరీ చిన్నదైతే శాంపిలింగ్ వేగం తగ్గించడం తప్ప స్కోపుకు మరో దారి లేదు.

దీనివల్ల ఎంత పొరపాటు జరగొచ్చో ఒక ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) రిపేరులో చూద్దాం. చాలా సప్లైలలో స్విచింగ్ 65 కిలోహెర్ట్జ్ దగ్గర జరుగుతుంది. అవుట్‌పుట్‌లో రిపుల్, అంటే డీసీ మీద మిగిలిపోయే అలలు, ఎక్కువైందని అనుమానం వచ్చింది. సుమారు వెయ్యి బిందువుల మెమరీ ఉన్న స్కోపు పెట్టి, గడికి 20 మిల్లీసెకన్ల చొప్పున పది గళ్లు, అంటే మొత్తం 200 మిల్లీసెకన్లు చూస్తున్నారు. వెయ్యి బిందువులను 200 మిల్లీసెకన్లకు పంచితే సెకనుకు దక్కేది 5,000 శాంపిళ్లు. ఆ క్షణంలో స్విచింగ్ 65.1 కిలోహెర్ట్జ్ అనుకోండి. 5 కిలోహెర్ట్జ్‌కు పదమూడు రెట్లు 65 పోను మిగిలిన 0.1 కిలోహెర్ట్జ్, అంటే 100 హెర్ట్జ్ అల తెర మీద చక్కగా, నున్నగా కనిపిస్తుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. బ్రిడ్జ్ రెక్టిఫయర్ దాటాక వచ్చే రిపుల్ 100 హెర్ట్జ్. కాబట్టి ఆ బొమ్మ చూసిన ఎవరైనా ప్రైమరీ వైపు ఉన్న పెద్ద కెపాసిటర్ పోయిందని అనుకుంటారు. దాన్ని విప్పి కొత్తది వేస్తారు. లోపం అక్కడే ఉండిపోతుంది. ఎందుకంటే ఎండిపోయింది అవుట్‌పుట్ వైపు ఉన్న చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) పెరిగిపోయి స్విచింగ్ రిపుల్‌ను అది అణచలేకపోతోంది. సర్క్యూట్‌లో లేని 100 హెర్ట్జ్‌ను మెమరీ కొరత పుట్టించింది. దీన్నే ఏలియాసింగ్ అంటారు.

కోటీ 20 లక్షల బిందువుల మెమరీ ఉన్న స్కోపులో ఇదే 200 మిల్లీసెకన్లకు సెకనుకు 6 కోట్ల శాంపిళ్లు దక్కుతాయి. పూర్తి బొమ్మా కనిపిస్తుంది, జూమ్ చేస్తే 65 కిలోహెర్ట్జ్ పళ్లూ విడివిడిగా కనిపిస్తాయి. చిన్న మెమరీ స్కోపే చేతిలో ఉంటే ఒక అలవాటు చేసుకోవాలి. ఏ అల కనిపించినా టైమ్‌బేస్ నాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూడండి. నిజమైన అల ఫ్రీక్వెన్సీ మారదు. నాబ్ తిప్పిన ప్రతిసారీ ఫ్రీక్వెన్సీ మారిపోతుంటే అది ఏలియాస్. శాంపిళ్ల మధ్య వచ్చే శిఖరాలనూ పట్టే పీక్ డిటెక్ట్ మోడ్ ఉంటే దాన్ని ఆన్ చేసినా బండారం బయటపడుతుంది, నున్నటి గీత కాస్తా దళసరి పట్టీగా మారిపోతుంది.

మరో మెలిక ఉంది. శాంపిలింగ్ వేగం ఛానళ్ల మధ్య పంచుకుంటారు. అభిరుచి స్కోపుల్లో ఏళ్ల తరబడి బాగా వాడుకలో ఉన్న రిగోల్ డీఎస్1054జెడ్‌ను చూడండి. ఒక్క ఛానల్ వాడితే సెకనుకు 1 గిగా శాంపిల్, రెండు వాడితే 500 మెగా, మూడు లేదా నాలుగు వాడితే 250 మెగా. 50 మెగాహెర్ట్జ్ స్కోపుకు ఆ 250 కూడా అయిదు రెట్లు కాబట్టి ఇబ్బంది లేదు. బ్యాండ్‌విడ్త్‌కు కనీసం రెండున్నర రెట్లు, వీలైతే అయిదు రెట్లు శాంపిలింగ్ ఉండాలి. మీరు వాడబోయే ఛానళ్లన్నీ ఆన్ చేశాక మిగిలే వేగంతోనే ఈ లెక్క వేయాలి.

బ్యాండ్‌విడ్త్ ఎంత కావాలి?

100 మెగాహెర్ట్జ్ స్కోపు అంటే 100 మెగాహెర్ట్జ్ దాకా అన్నీ సరిగ్గా చూపిస్తుందని కాదు. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర 1 వోల్టు సైన్ వేవ్ ఇస్తే తెర మీద 0.707 వోల్టులే కనిపిస్తుంది. దాదాపు 30 శాతం తరుగు వచ్చే చోటునే బ్యాండ్‌విడ్త్ అని రాస్తారు. స్క్వేర్ వేవ్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. దానిలో అసలు ఫ్రీక్వెన్సీతోపాటు దానికి మూడు, అయిదు, ఏడు రెట్ల ఫ్రీక్వెన్సీలు కూడా కలిసి ఉంటాయి. అవి తెగిపోతే అంచులు కరిగిపోయి చతురస్రం కాస్తా సైన్ వేవ్‌లా అవుతుంది. అందుకే డిజిటల్ సిగ్నల్‌కు అయిదు రెట్ల బ్యాండ్‌విడ్త్ అన్న లెక్క వాడుకలో ఉంది.

ఆ లెక్కలో మన పనులను పెట్టి చూద్దాం. చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐ2సీ బస్ మామూలుగా 100 లేదా 400 కిలోహెర్ట్జ్. సీరియల్ పోర్టులో 9600 బాడ్ దగ్గర ఒక్కో బిట్ వెడల్పు 104 మైక్రోసెకన్లు, 1,15,200 దగ్గర కూడా 8.7 మైక్రోసెకన్లు. ఆర్డుయినో ఊనోలో అలాంటిదే మరో బస్ ఎస్‌పీఐ గరిష్ఠ వేగం 8 మెగాహెర్ట్జ్, అయిదు రెట్లు వేస్తే 40. ఆడియో ఆంప్లిఫయర్లు, ఇన్వర్టర్లు, ఎస్‌ఎంపీఎస్‌లు, మోటార్ డ్రైవర్లు అన్నీ 20 మెగాహెర్ట్జ్‌లోపే తేలిపోతాయి. ఈఎస్‌పీ32 ప్రాసెసర్ 240 మెగాహెర్ట్జ్‌లో పరుగెడుతుంది గానీ ఆ క్లాక్ చిప్ లోపలే ఉంటుంది, బయట పిన్నుల మీద మనం చూసే సిగ్నళ్లు అంత వేగంగా ఉండవు. 50 నుంచి 100 మెగాహెర్ట్జ్ ఉన్న స్కోపుతో ఈ పనులన్నీ హాయిగా జరిగిపోతాయి. హామ్ రేడియోలో 144 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పనిచేసేవాళ్లకు మాత్రం 200కు పైనే కావాలి. హెచ్‌డీఎంఐ, డీడీఆర్ మెమరీ, 480 మెగాబిట్ యూఎస్‌బీ లాంటివి ఇంటి స్కోపుతో చూసేవి కావు, వాటికోసం డబ్బు పోయవద్దు.

ఒక సూత్రం మాత్రం కంఠతా పట్టండి. 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే ఆ స్కోపు చూపగలిగే అత్యంత వేగమైన అంచు తెలుస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌కు 3.5 నానోసెకన్లు, 50కి 7 నానోసెకన్లు. దీనితో వ్యాసం చివర్లో పని ఉంది.

ప్రోబు

పాతిక వేలు పెట్టి స్కోపు కొని, ప్రోబును వైరు ముక్కలా చూసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. సిగ్నల్ స్కోపులోకి వచ్చేముందే ప్రోబు దగ్గర చెడిపోవచ్చు.

ప్రోబు మీద 1ఎక్స్, 10ఎక్స్ అని చిన్న స్విచ్ ఉంటుంది. 1ఎక్స్‌లో ప్రోబు, కేబుల్ కలిసి దాదాపు 100 పికోఫారడ్ల భారం సర్క్యూట్ మీద వేస్తాయి, బ్యాండ్‌విడ్త్ కూడా పది మెగాహెర్ట్జ్ లోపుకు పడిపోతుంది. 100 మెగాహెర్ట్జ్ స్కోపైనా సరే. 10ఎక్స్‌లో ఆ భారం పది పదిహేను పికోఫారడ్లకు తగ్గుతుంది. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు ఇరుపక్కలా ఉండేవే 22 పికోఫారడ్ల కెపాసిటర్లు. దాని మీద 1ఎక్స్ ప్రోబు ఆనిస్తే ఆసిలేటర్ ఆగిపోయే ప్రమాదం ఉంది, అప్పుడు బాగున్న క్రిస్టల్‌ను పోయిందని పీకేస్తాం. మామూలుగా 10ఎక్స్‌లోనే ఉంచండి. సప్లైలో కొద్ది మిల్లీవోల్టుల రిపుల్ చూడాలంటేనే 1ఎక్స్‌కు మారండి. కొత్త ప్రోబు తగిలించగానే స్కోపు ముందున్న 1 కిలోహెర్ట్జ్ కొక్కేనికి పెట్టి, చతురస్రం మూలలు సమంగా వచ్చేదాకా ప్రోబు మీది చిన్న స్క్రూ తిప్పాలి. నిమిషం పట్టని పని.

గ్రౌండ్ వైరు సంగతి ఇంకా ముఖ్యం. మొసలి క్లిప్‌తో వచ్చే 15 సెంటీమీటర్ల ఆ నల్ల వైరుకు సుమారు 150 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ప్రోబు కొనలోని 12 పికోఫారడ్లతో అది కలిసి 120 మెగాహెర్ట్జ్ దగ్గర గంట కొట్టినట్టు మోగుతుంది. వేగమైన అంచు వచ్చిన ప్రతిసారీ తెర మీద వణుకు కనిపిస్తుంది, బోర్డులో మాత్రం అది ఉండదు. ప్రోబుతో పాటు వచ్చే చిన్న స్ప్రింగ్‌ను కొనకు తొడిగి పక్కనే ఉన్న గ్రౌండ్‌కు ఆనిస్తే ఆ వణుకు చాలావరకు పోతుంది. ఆ స్ప్రింగులను పారేయకండి.

కరెంటు వైపు జాగ్రత్త

ఇక్కడ తప్పు చేస్తే పోయేది స్కోపు ఒక్కటే కాదు, ప్రాణం కూడా. బల్ల మీద పెట్టుకునే స్కోపులో ప్రోబు గ్రౌండ్ క్లిప్ లోపలి నుంచి నేరుగా ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకు కలిసి ఉంటుంది. మన 230 వోల్టుల కరెంటు శిఖరం 325 వోల్టులు. ఎస్‌ఎంపీఎస్ ప్రైమరీ వైపు బ్రిడ్జ్ నెగటివ్‌ను గ్రౌండ్ అనుకుని క్లిప్ తగిలిస్తే, ప్రతి సైకిల్లో ఒక సగంలో ఫేజ్ డయోడ్ మీదుగా నేరుగా ఎర్త్‌కు కలుస్తుంది. పెద్ద శబ్దంతో డయోడ్లు, ట్రాకులు కాలిపోతాయి.

దీనికి విరుగుడుగా కొందరు స్కోపు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అప్పుడు స్కోపు లోహ భాగాలన్నీ ఫేజ్‌లో ఉంటాయి, నాబ్ పట్టుకున్న చేయి అదే బల్ల మీద వేరే ఎర్త్‌ను తాకితే చాలు. ఒకటికి ఒకటి నిష్పత్తి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడదలిస్తే అది రిపేరు చేసే పరికరానికి ఇవ్వాలి, స్కోపుకు కాదు. నేనైతే హై వోల్టేజీ డిఫరెన్షియల్ ప్రోబు (ఎర్త్‌తో పనిలేకుండా రెండు బిందువుల మధ్య తేడా కొలిచేది) కొనేదాకా ప్రైమరీ వైపు ప్రోబు పెట్టవద్దనే చెబుతాను. బ్యాటరీతో నడిచే చేతి స్కోపు ఎర్త్‌కు కలవదు నిజమే, కానీ ఛార్జింగ్ కేబుల్ లాప్‌టాప్‌కు తగిలించిన క్షణం కలిసిపోవచ్చు. అవుట్‌పుట్ వైపు, బ్యాటరీ సర్క్యూట్లలో మాత్రం నిశ్చింతగా పని నేర్చుకోవచ్చు.

మరి ఏది కొనాలి?

చవకైన డీఎస్ఓ138 కిట్‌లో బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్, సెకనుకు 10 లక్షల శాంపిళ్లు, మెమరీ 1,024 బిందువులు. మనం పైన చూసిన ఏలియాసింగ్ పూర్తిగా దీనికి వర్తిస్తుంది. సోల్డరింగ్ నేర్చుకోవడానికి, ట్రిగ్గర్ అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి, పిల్లలకు ఆడియో తరంగాలు చూపించడానికి మంచిదే. రిపేరుకు దాన్ని నమ్ముకోలేం. హాంటెక్ 6022బీఈ లాంటి యూఎస్‌బీ స్కోపు 20 మెగాహెర్ట్జ్ అంటుంది, శాంపిలింగ్ 48 మెగా. రెండున్నర రెట్లు కూడా లేదు. పైగా లాప్‌టాప్, మౌస్‌తో నాబ్‌లు తిప్పడం రిపేరు బల్ల మీద విసుగు పుట్టిస్తుంది.

పాత సీఆర్‌ఓ తక్కువకు దొరికితే? ఆడియో, సాధారణ అనలాగ్ పనులకు దాని గీత ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఈఎస్‌పీ32 ఉదాహరణలోలా ఒక్కసారి వచ్చిపోయేదాన్ని పట్టి ఆపలేదు. మొదటి స్కోపుగా నేను సిఫారసు చేయను.

మైక్రోకంట్రోలర్లు, రిపేరు రెండూ చేసేవాళ్లకు 50 నుంచి 100 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న డిజిటల్ బల్ల స్కోపు సరైనది. అదే డబ్బుకు రెండు ఛానళ్ల 200 మెగాహెర్ట్జ్, నాలుగు ఛానళ్ల 100 మెగాహెర్ట్జ్ ఎదురైతే నాలుగు ఛానళ్లదే తీసుకోండి. ఎస్‌పీఐ బస్‌కే నాలుగు తీగలు కావాలి. సిగ్లెంట్ ఎస్‌డీఎస్1104ఎక్స్-ఈ ఈ కోవలోది: నాలుగు ఛానళ్లు, 100 మెగాహెర్ట్జ్, కోటీ 40 లక్షల బిందువులు. 2023లో వచ్చిన రిగోల్ డీహెచ్ఓ804లో 70 మెగాహెర్ట్జే గానీ 12 బిట్లు ఉన్నాయి. పాత 8 బిట్ స్కోపు నిలువుగా 256 మెట్లే చూపిస్తుంది, ఇది 4,096 చూపిస్తుంది. గడికి 1 వోల్టు చొప్పున ఎనిమిది గళ్లు ఉంటే ఒక్కో మెట్టు 31 మిల్లీవోల్టుల నుంచి 2 మిల్లీవోల్టులకు తగ్గుతుంది. దొరికితే సంతోషం, దానికోసమే బడ్జెట్ పెంచనక్కర్లేదు. రిపుల్ చూడటానికి ఏసీ కప్లింగ్ (డీసీని ఆపి మారే భాగాన్నే చూపేది) పెట్టి పెద్దది చేసుకుంటే 8 బిట్లతోనూ పని జరుగుతుంది.

ప్రోటోకాల్ డీకోడింగ్ (బస్ మీది పల్సులను అంకెలుగా చదివి చూపడం) ఉచితంగా వస్తుందా, విడిగా లైసెన్స్ కొనాలా అని అమ్మేవాళ్లను అడగండి. డబ్బు సరిపోకపోతే రెండు ఛానళ్ల స్కోపు, దానికి తోడు వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే ఎనిమిది ఛానళ్ల లాజిక్ అనలైజర్ (సిగ్నల్‌ను ఒకట్లు, సున్నాలుగా మాత్రమే నమోదు చేసే పరికరం), దాన్ని నడిపే, ఉచితంగా దొరికే పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్ తీసుకోండి. ఈ జత చాలామందికి ఏళ్ల పాటు సరిపోతుంది. విదేశం నుంచి తెప్పిస్తే దిగుమతి సుంకం, జీఎస్టీ, తర్వాత సర్వీసు ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. బిల్లుతో ఇచ్చే ఇక్కడి డీలర్ చెప్పిన ధర అప్పుడు అంత ఎక్కువేం అనిపించదు.

స్కోపు ఇంటికి రాగానే ఒక పరీక్ష చేయాలి. కొన్ని చవక స్కోపుల మీద రాసే 100 మెగాహెర్ట్జ్ నిజం కాదు. ముందే ఆరు ఇన్వర్టర్ గేట్లుండే 74ఏసీ14 ఐసీ ఒకటి సంపాదించి పెట్టుకోండి, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో అడగొచ్చు. 5 వోల్టులు ఇచ్చి, సప్లై పిన్నుల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, ఒక గేటును 1 కిలోఓమ్, 1 నానోఫారడ్‌తో ఆసిలేటర్‌గా చేసి, దాని అవుట్‌పుట్‌ను ఇంకో గేటుకు ఇవ్వండి. ఆ రెండో గేటు అంచు రెండు నానోసెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. ప్రోబును 10ఎక్స్‌లో పెట్టి, గ్రౌండ్ స్ప్రింగ్‌తో దాన్ని కొలవండి. నిజమైన 100 మెగాహెర్ట్జ్ స్కోపు 4 నానోసెకన్ల దగ్గర రైజ్ టైమ్ (అంచు పైకి లేవడానికి పట్టే సమయం) చూపిస్తుంది. తెర మీద 12 నానోసెకన్లు కనిపిస్తే లోపల ఉన్నది 30 మెగాహెర్ట్జే. ప్రోబు తప్పు కాదని ఇంకో ప్రోబుతో సరిచూసుకుని, రిటర్న్ గడువు దాటకముందే తెర ఫోటో జతచేసి వెనక్కి పంపేయండి.